బిర్లా సైన్స్ సెంటర్ రాక్షసబల్లి తల నకిలీదా? పెదనాన్నకి ఏం జవాబు చెప్పాలి?

మల్కాజిగిరి_మధు:
మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్లాను. వాడు ఆరో తరగతి. డైనోసార్ హాల్లో కోటసారస్ ముందు నిలబడ్డాడు, ఇక కదిలితే ఒట్టు. ప్లానెటోరియం షోకి టైం అయిపోతోందని నేను చెయ్యి పట్టి లాగుతుంటే "మామా, ఇది ఎముకా, రాయా?" అన్నాడు. రాయే అన్నాను. "మరి ఎముకలని ఎందుకంటారు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. పక్కనున్న ఇంకెవరో పెద్దాయన "తల అసలుది కాదు బాబూ, చేసి పెట్టింది" అని వెళ్లిపోయాడు. దాంతో వాడి మొహం మాడిపోయింది.

ఇంటికొచ్చి ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. అక్కడ మొదలైంది అసలు గొడవ. మా పెదనాన్న రిటైరైన లెక్కల మాస్టారు, ఏదీ ఊరికే ఒప్పుకోడు, అలాగని మొండిగా కొట్టిపారేసే మనిషీ కాదు. ఆయన రాసిందేంటంటే: తలే నకిలీ అయితే మిగతాది నమ్మేదెట్లా, ఒక జంతువు ఇంకో జంతువుగా మారిందంటారు కదా మధ్యలోది ఒక్కటైనా దొరికిందా, కార్బన్ డేటింగ్‌తో కోట్ల ఏళ్లు లెక్కకట్టడం తప్పని తేలిపోయింది కదా. నాకు తెలిసింది ఇంటర్ బైపీసీ వరకే, అదీ మర్చిపోయాను. ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి. లింకులు వద్దు, ఆయన చదవడు, నేను చెబితే వింటాడు.

హైటెక్_నిద్రలేమి:
ఫ్యామిలీ గ్రూపులో సైన్స్ పెట్టావంటే తప్పు నీదే బ్రో 😂

రాళ్ల_తాతయ్య:
మధు బాబూ, నేను ముప్పై ఏళ్లకు పైగా రాళ్ల మధ్యే ఉద్యోగం చేసి రిటైరయ్యాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

తల సంగతి ముందు. ఆ పెద్దాయన చెప్పింది నిజమే. కోటసారస్ యామనపల్లిఎన్సిస్ అని దాని పూర్తి పేరు, ఊరు పేరు యామనపల్లి, మన గోదావరి లోయలోదే. 1970ల చివర్లో అక్కడ తవ్వితే చిన్నా పెద్దా కలిపి 840 దాకా ఎముక భాగాలు దొరికాయి. అవి ఒక్క జంతువువి కావు, కనీసం పన్నెండింటివి. పి.ఎం. యాదగిరి గారు 1988లో వాటిని వర్ణించి పేరు పెట్టారు. తలకి సంబంధించి మాత్రం దొరికినవి రెండు పళ్లే. అందుకని హైదరాబాద్‌లో నిలబెట్టిన తొమ్మిది మీటర్ల అస్థిపంజరానికి తల ఊహించి చేసి పెట్టక తప్పలేదు. మోసం అంటే దొరకని తలని దొరికిందని చెప్పడం. ఇక్కడ దొరకలేదనే రాశారు.

ఇంతకీ తలలే ఎందుకు పోతాయంటే, ఈ పొడుగు మెడ జంతువుల పుర్రె చిన్నది, పల్చటి ఎముకలతో అల్లినట్టు ఉంటుంది, మెడకి పట్టు తక్కువ. శవం ఏట్లో కొట్టుకుపోతుంటే ముందు ఊడేది అదే. తొడ ఎముక దుంగలాంటిది, ఎక్కడో ఒకచోట ఇసుకలో కూరుకుపోతుంది. యామనపల్లిలో ఇన్ని ఒక్కచోటే పడి ఉండటం చూసి మంద మొత్తం వరదలో పోయి ఉంటుందని అనుకుంటారు.

ఇక పిల్లాడి ప్రశ్న, అది మంచి ప్రశ్న. ఎముకంటే సగానికి పైగా ఖనిజమే, దాని సందుల్లో మాంసకృత్తులు, నెత్తురు పారే సన్న గొట్టాలు ఉంటాయి. బురద కింద కప్పబడిపోయాక భూమిలో నీళ్లు ఆ గొట్టాల గుండా తిరుగుతాయి, నీళ్లలో కరిగున్న సున్నమో సిలికానో ఇనుమో ఆ ఖాళీల్లో గడ్డకడుతుంది. ఎముక ఆకారం, లోపలి సన్న గీతలతో సహా నిలుస్తుంది, బరువు మాత్రం రాయంత అవుతుంది. కాబట్టి వాడికి "రెండూ" అని చెప్పు.

జువాలజీ_మేడం:
తాతయ్య గారు చెప్పిన తర్వాత ఎముకల జోలికి నేను వెళ్లను 🙂 మధ్యలోది ఒక్కటైనా దొరికిందా అన్న ప్రశ్నకి నేను క్లాసులో చెప్పే కథ ఒకటుంది. పిల్లలందరూ ఆర్కియోప్టెరిక్స్ (సగం బల్లి, సగం పక్షిలా ఉండేది) అంటారు, పుస్తకంలో అదే ఉంటుంది కాబట్టి. నేను తిమింగలం చెబుతాను, ఎందుకంటే అందులో ముఖ్యమైన ముక్కలు మన దేశంలో, పక్కనున్న పాకిస్తాన్‌లో దొరికాయి.

తిమింగలం చేప కాదు, పాలిచ్చే జంతువు, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. అంటే దాని పూర్వీకులు నేల మీద నడిచి ఉండాలి. అనుకోవడం తేలిక, చూపించాలి కదా. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త కశ్మీర్ వైపు కాలాకోట్ దగ్గర రాళ్లలో దొరికిన ఓ చిన్న డెక్కల జంతువుకి 1971లో ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన సేకరించిన రాళ్లు చాలావరకు పగలగొట్టకుండానే ఉండిపోయాయి, ఆయన పోయాక వాటిని ఆయన భార్య జాగ్రత్త చేశారు, తర్వాత హాన్స్ తెవిసెన్ అనే పరిశోధకుడికి ఇచ్చారు. ల్యాబులో ఆ రాళ్లు శుభ్రం చేస్తుంటే ఒక పుర్రెలో చెవి ఎముక పొరపాటున విరిగింది. విరిగిన చోట లోపలి గోడ ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా ఉంది. అలాంటి చెవి తిమింగలాలకి తప్ప ఇంకే పాలిచ్చే జంతువుకీ ఉండదని అప్పటిదాకా అందరూ అనుకున్నారు. 2007లో నేచర్ పత్రికలో వచ్చింది, మన బాజ్‌పాయ్, తివారీ కూడా ఆ వ్యాసం రాసినవాళ్లలో ఉన్నారు. పిల్లికి కాస్త పెద్ద, సన్నకాళ్లు, చిన్న జింకలాగా ఉంటుంది, కానీ కాళ్ల ఎముకలు లోపల గట్టిగా బరువుగా ఉన్నాయి. నీటిగుర్రానికి అలాగే ఉంటాయి, నీళ్లలో తేలిపోకుండా అడుగున నడవడానికి.

వయసు దాదాపు 4.8 కోట్ల ఏళ్లు. దానికి అటూ ఇటూ ఉన్న కాలానికి చెందినవే పాకిసెటస్ (నడిచేది, చెవి తిమింగలానిది), ఆంబులోసెటస్ (మొసలిలాగా నీళ్లలోనూ గట్టు మీదా), మన కచ్‌లో దొరికిన కచ్చిసెటస్ (కాళ్లు ఇంకా చిన్నవి), ఇవన్నీ. తర్వాత ఈజిప్టు ఎడారిలో బాసిలోసారస్. అది పూర్తిగా సముద్ర జంతువు, పదిహేను మీటర్ల పైన పొడుగు, దానికి వెనక కాళ్లున్నాయి, మోకాలు, వేళ్లతో సహా, కానీ మన చెయ్యంత కూడా లేవు. ఆ కాళ్లతో అది నడవలేదు. మరి ఎందుకున్నట్టు? నేను క్లాసులో ఇక్కడ ఆగుతాను, పిల్లల్నే చెప్పమంటాను.

సందేహం_సుబ్బారావు:
మేడం గారూ, కథ బాగుంది, ఎగతాళి చేయడానికి రాలేదు. నాకు రెండు సందేహాలు. ఒకటి, ఇండోహ్యూస్, పాకిసెటస్ వయసుల మధ్య వరస సరిగ్గా లేదు కదా, మీరే అటూ ఇటూ అన్నారు. తాత కంటే మనవడు ముందు పుట్టినట్టు కాదా? రెండు, రాయి వయసు అందులోని శిలాజాన్ని బట్టి చెబుతారు, శిలాజం వయసు ఆ రాయిని బట్టి చెబుతారు. ఇది గుండ్రంగా తిరిగే వాదన కాదా? మధు గారి పెదనాన్న అడిగింది కూడా దాదాపు ఇదే.

జువాలజీ_మేడం:
మొదటిదానికి నేను చెబుతాను. మీరు పట్టుకున్నది సరైన చోటే. ఇండోహ్యూస్ తిమింగలాలకి తాత అని ఎవరూ అనడం లేదు, ఆ కుటుంబానికి పినతాత వరస అనుకోండి. తాత పోయాక కూడా పినతాత బతికే ఉండొచ్చు కదా. దొరికిన శిలాజం నేరుగా ఎవరికైనా ముత్తాతే అని తేల్చడం దాదాపు అసాధ్యం, చిన్నప్పుడు పుస్తకాల్లో కోతి నుంచి మనిషిదాకా వరసగా నడిచే బొమ్మ చూసి మనం అలా అనుకుంటాం. ఆ బొమ్మంటే నాకు ఒళ్లు మంట. చెట్టుకి కొమ్మలుంటాయి, నిచ్చెన మెట్లు కాదు. శిలాజం చెప్పేది ఏమిటంటే ఫలానా కాలానికి ఈ లక్షణాల కలయిక ఉన్న జంతువులు ఉండేవి అని. సగం చేప సగం నాలుగుకాళ్ల జంతువులా ఉండే టిక్టాలిక్‌ది కూడా ఇదే కథ. 2004లో ఆర్కిటిక్ కెనడాలో దొరికింది, వయసు 37.5 కోట్ల ఏళ్లు, అది కూడా ఊరికే దొరకలేదు, ఆ వయసు రాళ్లు, ఏటి ఒడ్డు రాళ్లు ఎక్కడున్నాయో మ్యాపులో చూసుకుని వెళ్లి వెతికారు. తీరా 2010లో పోలెండ్‌లో దానికంటే దాదాపు కోటిన్నర ఏళ్లు పాత అడుగుజాడలు బయటపడ్డాయి. దాంతో టిక్టాలిక్ అందరి ముత్తాత అనేవాళ్లు నోరు సర్దుకోవాల్సి వచ్చింది. కొమ్మ మాత్రం అక్కడే ఉంది, ఇంకాస్త కిందనుంచి చీలిందని తేలింది.

కడప_నాపరాయి:
రెండోదానికి మా ఊరి రాళ్లు చాలు సారూ. మాది వేంపల్లె దగ్గర. చిన్నప్పుడు కొండ మీద బండలు చూస్తే క్యాబేజీ అడ్డంగా కోసినట్టు పొరలు పొరలుగా ఉండేవి, మా అవ్వ వాటిని ఎవరో చెక్కిన ముగ్గులు అనేది. కాలేజీలో చేరాక తెలిసింది అవి స్ట్రొమటోలైట్లని, లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు జిగటగా చాపలాగా పరుచుకుని, దాని మీద సున్నపు బురద పడి, మళ్లీ దాని మీదకి ఎక్కి పెరిగిన పొరలని. చేప లేదు, నత్త లేదు, గడ్డిపోచ కూడా లేదు. కొండలకి కొండలు అవే.

రాళ్ల_తాతయ్య:
నాపరాయి బాబు మంచి చోట పట్టుకున్నాడు. సుబ్బారావు గారూ, వేంపల్లె రాళ్ల మీద తాడిపత్రి అనే పొర ఉంది. ఆ పైపొరలోకి పులివెందుల దగ్గర కరిగిన రాయి కిందనుంచి చొరబడి పలకలాగా గడ్డకట్టింది. గోడ కట్టాకే కదా అందులోకి మేకు దిగేది, కాబట్టి చొరబడిన రాయి వయసు తెలిస్తే గోడ అంతకంటే పాతదని ఖాయం. ఆ చొరబడిన రాతిలో సన్నటి స్ఫటికాలుంటాయి, పుట్టేటప్పుడు యురేనియాన్ని పట్టుకుంటాయి, సీసాన్ని లోపలికి రానివ్వవు. తర్వాత యురేనియం తనంతట తాను సీసంగా మారుతూ పోతుంది, ఎంత వేగంతో మారుతుందో ల్యాబులో కొలిచి పెట్టుకున్నాం. యురేనియం 238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు, 235 సగం కావడానికి 70 కోట్ల ఏళ్లు. ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు, వేర్వేరు వేగాలు, రెండూ ఒకే టైం చెబితేనే నమ్ముతాం. పులివెందుల పలకకి వచ్చింది దాదాపు 188 కోట్ల ఏళ్లు. ఈ లెక్కలో శిలాజం పాత్ర ఎక్కడుంది చెప్పండి? గుండ్రంగా తిరిగేది ఏదీ లేదు.

కార్బన్ సంగతి: మీ పెదనాన్న గారితో ఒక్క మాట చెప్పు మధూ, డైనోసార్లకి ఎవరూ కార్బన్ డేటింగ్ చెయ్యరు. కార్బన్ 14 ప్రతి 5,730 ఏళ్లకి సగం అవుతుంది, యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. లెక్కల మాస్టారు కదా, రెండు చేత భాగించుకుంటూ పొమ్మను.

సందేహం_సుబ్బారావు:
గోడలో మేకు బాగుంది. ఒప్పుకున్నాను. కానీ ఇంత పెద్ద సిద్ధాంతాన్ని తప్పని నిరూపించాలంటే ఏం దొరకాలి? ఏం దొరికినా సర్దుకుపోయే సిద్ధాంతమైతే అది నాకు నచ్చదు.

జువాలజీ_మేడం:
ఈ ప్రశ్న హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్తని అడిగితే "ప్రీకేంబ్రియన్ రాళ్లలో కుందేళ్లు చూపించండి" అన్నారని చెబుతారు. నాపరాయి గారి వేంపల్లె రాళ్లు ఆ ప్రీకేంబ్రియన్‌వే, అంటే కుందేళ్ల లాంటివేవీ ఇంకా పుట్టని చాలా పాత కాలానివి. అక్కడ ఒక్క కుందేలు పన్ను, అదీ తర్వాత బయటినుంచి వచ్చి పడింది కాకుండా ఆ రాయి ఏర్పడినప్పుడే అందులో చిక్కుకున్నది దొరికితే, మేం సిలబస్ మార్చుకోవాలి.

కడప_నాపరాయి:
మా దగ్గర కుందేళ్లు కొండ మీద ఉన్నాయి, కొండ లోపల లేవు 😀

కాకినాడ_కాజా:
హాల్డేన్ అంటే జె.బి.ఎస్. హాల్డేన్ కదా? ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలేసి ఇండియా వచ్చేసి, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1964లో భువనేశ్వర్‌లో పోయారు. తన శరీరాన్ని చదువుకునే పిల్లలకి ఇవ్వమని రాసిపెడితే, అది చేరింది ఎక్కడికో తెలుసా, మా కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. ఇది చాలామందికి తెలీదు, సందర్భం వచ్చింది కాబట్టి చెప్పాను, డప్పు అనుకోవద్దు.

రాళ్ల_తాతయ్య:
కాజా గారూ, డప్పే అయినా సరైన చోట కొట్టారు. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే మన గోదావరి లోయ రాళ్లని దశాబ్దాల పాటు గాలించారు. లెక్కల సంస్థకి రాక్షసబల్లులతో పనేంటని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. పమేలా రాబిన్సన్ అనే ఆవిడ లండన్ నుంచి వచ్చి వాళ్లకి దారి చూపించింది. 1961 ప్రాంతంలో వాళ్లకి దొరికిన మొదటి ఎముకల్లో ఒక తొడ ఎముక 1.7 మీటర్లు, అంటే నా ఎత్తు కంటే ఎక్కువ. పెద్దకాలు బల్లి అనే అర్థంలో, బెంగాలీ మాటతో బరపాసారస్ అన్నారు. అది రవీంద్రుడి శతజయంతి సంవత్సరం, అందుకని పూర్తి పేరు బరపాసారస్ టాగోరై. 1975లో అధికారికంగా పేరు పెట్టారు. ఇప్పుడది కలకత్తాలో నిలబడి ఉంది. దానికీ తల లేదు, పళ్లే దొరికాయి. అది దొరికిన కోట అనే పొర రాళ్లలోనే నలుసంత ఆదిమ క్షీరదం పన్ను దొరికితే దానికి కోటథీరియం హాల్డేని అని పేరు పెట్టారు, 1981లో. వేంపల్లెలో కుందేలు లేదు గానీ, కోట రాళ్లలో హాల్డేన్ పేరున్న పన్ను ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ప్రాణహిత, గోదావరి పక్కన పొరలు కింద నుంచి పైకి వరసగా ఉన్నాయి, వాటి పేర్లన్నీ ఊళ్ల పేర్లే. కింద కుందారం, అందులో దంతాలున్న బొద్దు జంతువులు, క్షీరదాల దూరపు చుట్టాలు, ఒక్క డైనోసార్ లేదు. దాని పైన ఎర్రపల్లి, అందులో వాడియాసారస్, అదీ ఆ కుటుంబానిదే, ఇక్కడా డైనోసార్ లేదు. దాని పైన మలేరి, అక్కడ చిలక ముక్కులాంటి ముక్కున్న జంతువులు, మొసలిని పోలిన పారాసూకస్, వాటి మధ్యలో అల్వాల్కేరియా అని మొదటిసారి ఒక చిన్న డైనోసార్, మేకపిల్లంత. (దాని ఎముకల్లో వేరే జంతువు ఎముకలు కలిసిపోయాయని తర్వాత తేలింది, తొడ ఎముక మాత్రం డైనోసార్‌దే.) ఆ పైన ధర్మారం, అక్కడ లాంప్లగ్‌సారా అనే డైనోసార్, మెడ సాగి ఒళ్లు పెరిగింది. దాని పైన కోట, అందులో బరపాసారస్, కోటసారస్. అంటే ఒక జిల్లాలో నాలుగు రోజులు నడిస్తే, డైనోసార్లు అసలు లేని కాలం నుంచి ఏనుగుని మించిన కాలం దాకా వెళ్లొచ్చు. ఈ వరస ఎక్కడా తలకిందులు కాలేదు. నేను మలేరి ఎర్రమట్టిలో మే నెల ఎండలో తిరిగాను, నెత్తి మీద తడి తువ్వాలు రెండు నిమిషాల్లో ఆరిపోయేది, ఎముక ముక్క కనబడితే మాత్రం ఎండ గుర్తుండేది కాదు.

బొగ్గుబావి_రాజు:
తాతా మీరు కుందారం కాడ మొదలుపెట్టిన్రు, దానికి కిందనే మేమున్నం. నేను గోదావరిఖనిలో ముప్పై ఏండ్లు బావిలో పనిచేసిన. బొగ్గు సీమ్ పైన రూఫ్‌లో నల్ల పలకరాయి ఉంటది, ఒక్కోసారి ఊడిపడితే పుస్తకం తెరిచినట్టు రెండు ముక్కలైతది, లోపల ఆకు అచ్చు. నాలుకలాగ పొడుగ్గ, నడిమి ఈనె, పక్క ఈనెలు వలలాగ. కొత్తగ వచ్చినోళ్లు మామిడాకు అనేటోళ్లు. ఒక ఇంజనీరు సారు చెప్పిండు అది గ్లోసాప్టెరిస్ అని, మనం తవ్వే బొగ్గంతా దాదాపు అవే చెట్లని.

రాళ్ల_తాతయ్య:
రాజూ, ఆ నాలుక ఆకు చిన్నది కాదు. అదే ఆకు ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, బ్రెజిల్‌లో ఉంది. 1912లో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చలికి, ఆకలికి చచ్చిపోయారు కదా, వాళ్ల శవాల దగ్గర బండిలో పదహారు కిలోల రాళ్లు ఉన్నాయి, బరువు తగ్గించుకోవడానికి కూడా పారెయ్యలేదు. వాటిలో ఈ ఆకే ఉంది. దాని విత్తనాలు సముద్రాలు దాటేంత తేలికవి కావు. అంటే ఆ నేలలన్నీ ఒకప్పుడు కలిసే ఉన్నాయి. ఆ పెద్ద ఖండానికి పెట్టిన పేరు మన గోండుల నేల పేరే, గోండ్వానా.

బొగ్గుబావి_రాజు:
నా దగ్గర ఒక పలక ఉండె. ఇల్లు మారినప్పుడు మా ఆవిడ పచ్చడి జాడీ కింద పెట్టింది, అట్లనే పోయింది.

గోదారి_గట్టు:
రాజు గారి పచ్చడి జాడీకి నా జోహార్లండి. మాది దుద్దుకూరు దగ్గర, పంగిడి గౌరీపట్నం క్వారీల్లో మా బావ కంకర క్రషర్ ఉంది. అక్కడ గోడలా కోసిన చోట చూస్తే కింద నల్లరాయి, మధ్యలో తెల్లటి సున్నపు పొర, పైన మళ్లీ నల్లరాయి, చెప్పాలంటే క్రీమ్ బిస్కెట్టులా ఉంటుందండి. ఆ మధ్య పొర కోసం విదేశాల నుంచి కూడా వస్తారు. అక్కడి నల్లరాయి మన దగ్గర పుట్టింది కాదట, పడమటి కనుమల వైపు పొంగిన లావా వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చిందట. నిజమేనా?

రాళ్ల_తాతయ్య:
నిజమే అంటారు, ప్రపంచంలోనే అత్యంత పొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి. ఆ క్రీమ్ ఉంది చూశారూ, అందులో సముద్రంలో తేలే ఏకకణ జీవుల గవ్వలున్నాయి, కంటికి కనపడవు, సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. గెర్టా కెల్లర్ అనే శాస్త్రవేత్త బృందం 2008లో చూపించిందేంటంటే, ఆ పొర డైనోసార్లు పోయిన వెంటనే ఏర్పడింది, అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందట. పెద్ద గవ్వలు, నగిషీలున్న గవ్వలు మాయమై, చిన్న చిన్న మొండి రకాలు మిగిలాయి. కింద నల్లరాయి ఆ వినాశనానికి కాస్త ముందుది, పైది ఆ తర్వాతది. మెక్సికోలో పడిన గ్రహశకలమా, మన లావానా, ఎవరిది ఎక్కువ తప్పు అనేది ఇంకా కొట్టుకుంటున్నారు. ఆవిడ లావా పక్షం, ఎక్కువమంది గ్రహశకలం పక్షం. నన్నడిగితే గ్రహశకలమే, కానీ లావాతో ముందే జ్వరమొచ్చి ఉన్న ఒంటి మీద అది పడింది.

నస్కల్_పక్కూరోడు:
ఇంత చదివినంక నేనూ ఒక మాట చెప్తా. మాది వికారాబాద్ దిక్కు, నస్కల్‌కి దగ్గర. మా దగ్గర కూడా నల్లరాయి మధ్యల బూడిదరంగు మట్టి పొర ఉంటది. చిన్నప్పుడు యూనివర్సిటీ వాళ్లు వచ్చి సంచులల్ల మట్టి తీసుకపోయేటోళ్లు. మా తాత నవ్వేది, సారోళ్లు మట్టి కొంటరేందిరా అని.

జువాలజీ_మేడం:
మీ తాత గారు నవ్విన మట్టి 1988లో నేచర్ పత్రికకెక్కింది! ప్రసాద్, సాహ్ని అనే ఇద్దరు నస్కల్ మట్టి నానబెట్టి, సన్న జల్లెడల్లో కడిగి, మిగిలిన నూకని సూక్ష్మదర్శిని కింద ఏరితే పళ్లు దొరికాయి, ఒకటి రెండు మిల్లీమీటర్లవి. మన దేశంలో క్రెటేషియస్, అంటే డైనోసార్ల కాలంలో చివరి భాగానికి చెందిన క్షీరదం దొరకడం అదే మొదలు. డెక్కనోలెస్టిస్ అని పేరు. తర్వాత దొరికిన చీలమండ ఎముకల్ని బట్టి అది చెట్లెక్కేదని తేలింది. చుంచెలుక అంతుంటుంది. అదే నస్కల్‌లో భారత్‌థీరియం అని ఇంకోటి దొరికింది, దాని చుట్టాలు మడగాస్కర్, అర్జెంటీనాల్లో ఉన్నాయి. రాజు గారి ఆకు చెప్పిన కథనే ఈ పన్ను ఇంకోలా చెబుతోంది.

నాకు ఇక్కడ ఆగి ఆలోచించాలనిపిస్తుంది. లావా పొంగి ఆగిన రెండు పొంగుల మధ్య చెరువు ఒడ్డున, అంత గందరగోళంలో, ఈ చుంచులాంటివి చెట్ల మీద పురుగులు తింటూ బతికాయి. పెద్దవి పోయాయి.

సందేహం_సుబ్బారావు:
అన్నీ బాగున్నాయి, కానీ శాస్త్రవేత్తలు పొరబడరా? మొన్నామధ్య భీమ్‌బేట్కా గుహల్లో 55 కోట్ల ఏళ్ల జంతువు దొరికిందన్నారు, తర్వాత అది తేనెపట్టు అన్నారు. నేను పేపర్లో చదివి ఇంట్లో అందరికీ చెప్పాను. పరువు పోయింది.

కడప_నాపరాయి:
తేనెపట్టు 😂😂

రాళ్ల_తాతయ్య:
నవ్వకండి, నేనూ నమ్మాను. 2021లో డికిన్‌సోనియా అని ప్రకటించారు, గుహ పైకప్పు మీద ఈకలాంటి గుర్తు. కరోనా రోజులు, ఎవరూ పోయి దగ్గర్నుంచి చూడలేదు. తర్వాత ఇంకో బృందం పోయి చూస్తే అది రాలిపోతోంది. రాతిలో ఉన్నది రాలదు కదా, అతుక్కున్నదే రాలుతుంది. ఎండిపోయిన తేనెపట్టు అచ్చు అని 2023లో రాశారు. మొదట ప్రకటించిన శాస్త్రవేత్త కూడా తప్పు ఒప్పుకున్నారు. ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఒకటుంది, 1989లో బయటపడ్డ హిమాలయ శిలాజాల మోసం. మొరాకో లాంటి చోట్ల దొరికేవాటిని హిమాలయాల్లో దొరికాయని ఏళ్ల తరబడి పేపర్లు రాశారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ బయటపెట్టాడు. అప్పుడు మా వృత్తిలో తలెత్తుకోలేకపోయాం. ఏ గుట్టలో, ఏ పొరలో దొరికిందో పక్కా రాసిపెట్టుకోని శిలాజం నాకు అప్పటినుంచి గులకరాయితో సమానం. రాజు పలక కూడా అంతే, ఏ బావి, ఏ సీమ్ అని వెనకాల సుద్దముక్కతో రాసుంటే పచ్చడి జాడీ కింద ఉన్నా విలువే.

అడ్మిన్:
చర్చ బాగా నడుస్తోంది. మతం వైపు మళ్లించిన రెండు పోస్టులు తీసేశాం. రాళ్ల మీదే ఉండండి.

మల్కాజిగిరి_మధు:
అందరికీ దండాలు. నిన్న రాత్రి ఇదంతా పెదనాన్నకి ఫోన్లో చదివి వినిపించాను, గంటన్నర పట్టింది. కార్బన్ లెక్క ఆయనే వేశాడు. తొమ్మిదిసార్లు సగం చేసేసరికి యాభై వేల ఏళ్లు దాటిపోయిందట, మిగిలింది ఐదొందల వంతుల్లో ఒకటి, "ఇంతదాంతో కోట్లు ఎవడు కొలుస్తాడు, నాకెవడో తప్పు ఫార్వార్డ్ పంపాడు" అన్నాడు. తిమింగలం మాత్రం ఇంకా మింగుడు పడలేదు. చెవి ఎముక ఒక్కదాన్ని పట్టుకుని చుట్టరికం కలుపుతారా అంటున్నాడు.

జువాలజీ_మేడం:
ఆయనకి చీలమండ కూడా చెప్పండి. జింక, ఆవు, ఒంటె లాంటి జత డెక్కల జంతువులన్నిటికీ చీలమండలో ఒక ఎముకకి పైనా కిందా రెండువైపులా కప్పీ ఉంటుంది, ఇంకే జంతువుకీ ఆ ఆకారం ఉండదు. 2001లో పాకిస్తాన్‌లో దొరికిన పాత తిమింగలాల కాళ్లలో అదే ఎముక బయటపడింది. చెవి తిమింగలానిది, మడమ జింకది. దీనికి తోడు ఇప్పటి తిమింగలాల డీఎన్ఏ చూస్తే దగ్గరి చుట్టం నీటిగుర్రం అని వచ్చింది, ఎముకలతో సంబంధం లేకుండా. మూడు వేర్వేరు దారులు.

మల్కాజిగిరి_మధు:
చెబుతాను మేడం. మా వాడి తరఫున ఇంకో ప్రశ్న: యామనపల్లిలో తల కోసం ఇంకా ఎవరైనా వెతుకుతున్నారా, తను పెద్దయ్యాక వెళ్లొచ్చా?

రాళ్ల_తాతయ్య:
వెళ్లొచ్చు. వానాకాలం పోయిన వెంటనే వెళ్లాలి, వరద కొత్తగా కోసిన గట్లు అప్పుడే కనబడతాయి. సొంతంగా పలుగు పట్టుకుని తవ్వొద్దని మాత్రం చెప్పు, చూసింది చూసినట్టు ఫొటో తీసి, చోటు రాసుకుని, భూగర్భ శాఖ వాళ్లకి చెప్పాలి.

నస్కల్_పక్కూరోడు:
తాతా, ఇప్పుడే మా చేను గట్టు కాడికి పోయిన. బూడిద మట్టిల ఇది కనబడ్డది, ఫొటో పెట్టిన, పక్కన రూపాయి బిళ్ల పెట్టిన సైజు కోసం. డైనోసార్ పన్నేనా?

రాళ్ల_తాతయ్య:
పన్ను కాదు నాయనా, నత్తగుల్ల. కొన కొస పైకి పెట్టి, నోరు నీవైపు ఉండేట్టు పట్టుకుని చూడు. మామూలు నత్తలకి నోరు కుడిపక్కకుంటుంది. ఫైసా అని లావా పొరల మధ్య చెరువుల్లో బతికిన ఒక నత్తకి మాత్రం ఎడమపక్కకుంటుంది. ఏ వైపుంది?

నస్కల్_పక్కూరోడు:
ఎడమకే ఉంది తాతా.

రాళ్ల_తాతయ్య:
అది తీసిన చోట పుల్ల పాతు. రేపు నాకు ఫోన్ చెయ్.